మోటారంగట్లో టూషన్

కాపీ వద్దు మేడమ్, కాపీ తాగేకి రాలేదు నేను. నా బిడ్డను పాడు చేసినారని చెప్పేకొచ్చినా. రూప మేడమ్ టూషన్‌కు పెడితే లెక్కలొస్తాయి, ఎస్సెల్సీ గట్టెక్కుతాదని గదా పంపిస్తిని? మీరేం చేస్తిరి?

వారానికి రెండు సాయంత్రాలు పుస్తకం మూసి, పని చేసేవాళ్ళ పక్కన పోయి కూసోండని టూషన్ పిల్లోళ్ళను తోలేస్తిరి. పెద్దయినంక ఏం పని చెయ్యాలో ఇప్పుడే కండ్లారా చూడాలంట! గిరీశ్ పశువులాసుపత్రికి పోయినాడు. ఇప్పుడు వాళ్ళింట్లో మేకకు దినానికి నాలుగు తూర్లు జ్వరం చూస్తాండాడు. యాడ పెట్టి చూస్తాడో అడగొద్దండి.

ఈ మునివెంకటప్ప కూతురు నేత్ర యాడికి పోయింది? చింతామణి రోడ్లో ఆనంద్‌కుమార్ అంగడికి. కాలిపోయిన బోరు మోటార్లు విప్పి తీగ చుట్టే అంగడి! రెండు వారాలన్నారు. ఎనిమిది నెలలు పోయింది.

నవ్వొద్దండి. నా బిడ్డ డాక్టరైతాదని ఊరంతా చెప్పుకున్నోణ్ణి నేను. మురుగమల్ల దర్గా ఉరుసుకు పోతే ఆడ గాజులమ్మే ఆమెకు కూడా చెప్పినా. ఇప్పుడేమో అది ఎలక్ట్రికల్ డిప్లొమా అంటాది. అర్జీ మింద నేను సంతకం పెట్టాలంట, రేపే ఆఖరు దినమంట. పెట్టను. ఏం చేస్తారు?

ఆ? దాని పని ఎప్పుడన్నా చూసినావా అంటారా?

చూసినా మేడమ్. చూడకుండా ఉంటే బాగుండు.

పోయిన నెల నా బోరు మోటారు కాలింది. పన్నెండు నూర్ల అడుగుల లోతులో. ఈ పక్క టమోటా తోట కాయ పట్టి ఉండాది. నాలుగు దినాలు నీళ్ళు లేకుంటే ఇంగ ఏమీ లేదు, మట్టే. మోటారు పైకి తీయించి ఆనంద్‌కుమార్‌కు ఇస్తే, మరుసటి సాయంత్రానికి చుట్టిచ్చినాడు. దించి స్విచ్చేస్తే, అబ్బా, ఏం నీళ్ళు! కొత్తప్పుడు కూడా అట్ల పొయ్యలా.

నేనూరుకుంటానా? టీ అంగట్లో పదిమంది ముందర, చెయ్యంటే ఆనంద్‌కుమార్ చెయ్యి అని తెగ పొగిడినా. ఆ మనిషి ఆడే ఉండాడు. "నేను చెయ్యి పెట్టనే లేదప్పా. పక్కన నిలబడి చూసినా, అంతే. చుట్టింది మీ నేత్ర" అనేసె.

టీ నాకు ముక్కులోకి పోయింది. పదిమందీ నవ్విరి.

సంతోషం కాలేదా అంటే... అయింది. ఎందుక్కాదు? లోపల్లోపల ఉబ్బిపోతిని.

మరి సంతకం ఎందుకు పెట్టవంటారు. చెప్తా గానీ, మా ఇంటామె మునిరత్నమ్మ చెవిన మాత్రం వెయ్యొద్దు.

ఆ మోటారు దానంతటది కాలలేదు. కరెంటు మూడు ఫేజుల్లో ఒకటి రాకుంటే మోటారు వెయ్యొద్దప్పా, కాలిపోతాదని నేత్ర ముందే చెప్పింది. ఒక తూరి కాదు, మూడు తూర్లు. పదో క్లాసు పిల్ల నాకు చెప్పేదేందని, స్టార్టరు పడిపోకుండా పుల్ల దోపి రెండు ఫేజులకే నడిపించినా. గంటలో పొగ!

విప్పినోళ్ళకు తెలిసిపోతాదంట గదా? రెండు ఫేజుల తీగ బొగ్గయి, మూడోది కొత్తదాని మాదిరే ఉంటాదంట. ఆ బిడ్డ చూసింది. ఇంటికొచ్చినంక వాళ్ళమ్మ "ఎట్ల కాలిందే?" అంటే, నా పక్క కూడా చూడకుండా "పాత మోటారు గదమ్మా" అనింది. అన్నం పెట్టుకుని తినింది.

తిట్టింటే బాగుండు మేడమ్. నేనూ నాలుగు తిట్టి సరిపెట్టుకుంటా ఉంటిని. ఇప్పుడు దాని ఎదురుగా కూసుని ముద్ద మింగలేకుండా ఉండా. సిగ్గు, ఇంకేముంది? దాని చేతికి సర్టిఫికెట్టు కూడా వస్తే, ఇంగ ఆ ఇంట్లో నేను నోరెత్తే పని ఉంటాదా?

అందుకే అర్జీ యాడో పోయిందని చెప్పినా. పాపం, ఇల్లంతా ఎతికింది. పెట్టెలు దించింది, పరుపులు దులిపింది. నేనూ దాంతోపాటే వంగి వంగి ఎతికినా, అర్జీని నా అంగీ జోబులో పెట్టుకుని. కడాకు నా జోబు పక్క ఒక చూపు చూసి, "సరే అప్పా, పోనీలే" అనింది.

ఇదీ తెలుసు మేడమ్ దానికి.

ఇందండి అర్జీ. చెమటకు మడత కాడ కొంచెం చినిగింది. పెన్నియ్యండి. దొరికిందని మీరే ఫోన్ చేసి చెప్పండి. యాడ దొరికిందని అది అడగదు.