దిండుకు ఎముకలుండవు

ఆదోనిలో ఒక ఆదివారం పొద్దున. జనార్ధన్ వసారాలో ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. పక్కింటి మంజుల వచ్చి మెట్ల దగ్గరే ఆగింది.

"జెండా కోసమైతే లోపల గూట్లో ఉండాది, తీసుకపో మంజులమ్మా. డేరాలు, తాళ్ళు, మిగతావన్నీ బళ్ళో అప్పజెప్పేసినా."

"నేను జెండా కోసం రాలేదన్నా."

"మరి? స్కౌట్ పిల్లోళ్ళను మళ్ళా పిలువు, ఈల ఊదు అని చెప్పేదానికైతే వద్దు. నిన్న ఆ వాజిద్ వాళ్ళ నాయన, మొహిద్దీన్ సాబ్, వచ్చి అరపూట కూర్చున్నాడు. ఆయనకూ అదే చెప్పినా. ఇంక నాచేత కాదు."

"ఎందుక్కాదు? జీతమా బత్తెమా, ఇన్నేండ్లు మీ మొగుడూ పెండ్లాలు ఇష్టపడి నడిపింటిరి. మగపిల్లోళ్ళకు నువ్వు, ఆడపిల్లలకు అక్క."

"అంగట్లో పనెక్కువ. పత్తి సీజను."

"పత్తి సీజనా? ఆషాఢంలోనా? నేనేమన్నా బొంబాయి నుంచి దిగినానా అన్నా! పత్తి మార్కెట్ యార్డులో కుక్కలు పండుకోనుండాయి."

"మోకాళ్ళు పట్టేసినాయిలే."

"మోకాళ్ళ నొప్పి ఉన్నింది రుక్మిణక్కకు గదా. నీకెప్పటినుంచి?"

"ఊఁ."

"ఊఁ కాదు."

"కూర్చో. నిలబడే మాట్లాడతావా?"

"కూర్సోను. పొయ్యి మీద ఎసరు పెట్టొచ్చినా. ఒక్క మాట అడిగి పోతా. మా సంయుక్తను సూసి ఎన్నాళ్ళయింది నువ్వు?"

"పిల్ల బాగుండాది గదా?"

"నేనడిగింది అది కాదు."

"మొన్న కనపడింది. గోడ మీంచి."

"కనపడింది, నువ్వు లోపలికి పోయినావు. నేను గుడ్డలు ఆరేస్తా సూస్తానే ఉండా. అది నిన్ను సూసి గోడ కాడికి వచ్చింది. నువ్వు తలకాయ దించుకొని తలుపేసుకుంటివి."

"పొయ్యి మీద పాలు పొంగుతాంటే..."

"అన్నా, నీ ఇంట్లో పాలు పోయించుకోవడమే మానేస్తివి. పాలామె నాతో సెప్పదా?"

"ఏం కావాల మంజులా నీకు?"

"నా బిడ్డతో ఒక్క మాట మాట్లాడు. అంతే."

"ఏమని?"

"అది సంపలేదని."

"ఏం మాటలవి!"

"నావి కాదన్నా, దాని మాటలే. 'రుక్మిణి మేడమ్‌ను నేనే సంపినా మా' అంటాది."

"ఎవరన్నా అన్నారా దాన్ని? ఎవరన్నారు?"

"ఎవరూ అనలా. ఇను. ఆ పొద్దు నువ్వు పిల్లోళ్ళను తీసుకొని యెమ్మిగనూరు క్యాంపులో ఉంటివి. అక్క మోకాళ్ళతో నడవలేక ఈడనే ఆగిపోయె. ఇది జ్వరమొచ్చి ఆగిపోయె. నేను పనికి పోతా పోతా దీన్ని అక్క దగ్గర ఇడిసిపెట్టి పోతి."

"తెలుసు."

"తెలిసింది సగం. సారన్నం కలిపి దీనికి పెడతా పెడతా అక్క కూలబడిపోయిందంట. ఇది అరిసిందంట. ఎవరూ పలకలా. అప్పుడు మీరు నేర్పించింటిరి సూడు, రొమ్ము మీద సేతులు పెట్టి, లెక్కపెట్టుకుంటా..."

"గుండె వత్తడం."

"అదే. అంబులెన్సు వచ్చేదాకా వత్తిందంట, ఆ జ్వరంతోనే. వాళ్ళొచ్చి సేతులు పట్టుకొని లాగితే గాని ఇడిసిపెట్టలేదంట."

"అదీ తెలుసమ్మా. అంబులెన్సు వాళ్ళే చెప్పినారు."

"ఇంకోటి ఎవరికీ తెలీదు. అది నాకే మొన్న సెప్పింది. వత్తుతా ఉంటే టక్కుమని సప్పుడు ఇనపడిందంట. ఎముక ఇరిగిన సప్పుడు."

"ఆఁ?"

"ఆసుపత్రి కాడ ఎవరో నర్సమ్మ అనిందంట, 'పక్కటెముకలు ఇరిగినాయే, ఎవరు సేసినారు ఇట్ల?' అని. ఇది తలుపు పక్కనే నిలబడుండాది. అప్పుడు పట్టుకునిందన్నా దీన్ని ఈ బెదురు. ఇంగా ఇడిసిపెట్టలా."

"ఇన్నాళ్ళూ..."

"తమ్ముణ్ణి ముట్టుకోదు. వాడు ఇంగా నడక రాని పిల్లోడు, అక్క కావాలని సేతులు సాపి ఏడుస్తాడు. ఇది సేతులు ఎనక్కి పెట్టుకొని గోడకు ఆనుకుంటాది. 'ఎత్తుకుంటే ఇరిగిపోతాడు మా' అంటాది. బళ్ళో కబడ్డీ మానేసె. ఎవరన్నా పక్కన కూర్సుంటే జరిగి కూర్సుంటాది."

"నాకెందుకు చెప్పలేదు మంజులా?"

"యాడ సెప్పేది? తలుపుకా? నువ్వు ఆదివారాలు ఆపేస్తివి, మొగం సాటేస్తివి. దానికి అదొకటి సాలె. 'సూడు మా, సార్‌కు తెలిసిపోయింది. అందుకే స్కౌట్స్ మూసేసినాడు, అందుకే నన్ను సూడడు' అంటాది."

"అయ్యో. అయ్యో తల్లీ."

"నిజం సెప్పు. నేను తల్లిని, తట్టుకుంటా. అందుకేనా?"

"కాదు."

"మరెందుకు?"

"దాని మీద కాదు మంజులా. దాని మీద నాకెందుకుంటుంది?"

"మరెందుకని అడుగుతాండా."

"ముందు ఇది విను. మేము దిండు మీద నేర్పినాం."

"ఏంది?"

"గుండె ఎట్ల వత్తాలో పిల్లలకు దిండు మీద నేర్పినాం. దానికని ఒక బొమ్మ ఉంటుంది, మన దగ్గర లేదు. రుక్మిణి పాత చీరలు కుక్కి గట్టి దిండు కుట్టింది. పిల్లలంతా నవ్వుకుంటా వరసబెట్టి వత్తినారు. దిండుకు ఎముకలుండవు. మనిషికి సరిగ్గా వత్తితే పక్కటెముక విరుగుతుంది. విరిగినా ఆపకూడదు. పసిపిల్లలు బెదిరిపోతారని ఆ మాట ఆమే చెప్పొద్దనింది. సరేలే అన్నా."

"అంటే... ఇరుగుతాదా? మామూలుగా?"

"పెద్ద డాక్టరు వత్తినా చాలామందికి విరుగుతుంది. మెత్తగా వత్తితే విరగదు. మెత్తగా వత్తితే గుండె కూడా ఆడదు."

"నన్ను ఊరడించేదానికి అంటాండావా?"

"నీ మీదొట్టు. పా, పోదాం. ఇంట్లోనే ఉండాదా?"

"ఉండాది. అన్నా... సెప్పులేసుకో. రాళ్ళుండాయి."

*

మంజుల ఇల్లు. సంయుక్త గోడకు ఆనుకొని, చేతులు వెనక్కి పెట్టుకొని నిలబడి ఉంది.

"నమస్తే సార్."

"నమస్తే ఏంది? మన పద్ధతి మర్చిపోయినావా? ఎడమ చెయ్యి ఇయ్యి. స్కౌటోళ్ళు కలిస్తే ఎడమ చేతులు కలుపుకోవాల గదా."

"వద్దు సార్."

"ఎందుకొద్దు?"

"ఊరికే."

"ఊరికే అంటే నేను కూడా ఊరికే ఈడ నిలబడతా. మీ అమ్మ ఎసరు కాగుతుంది, అన్నం ఉడుకుతుంది, నేను తిని గాని పోను."

"మా! సూడు మా సార్‌ను."

"మీ అమ్మను పిలవొద్దు. నేనొకటి అడుగుతా, పరీక్ష అనుకో. గుండె ఎట్ల వత్తాల?"

"మర్సిపోయినా సార్."

"సంయుక్తా."

"రొమ్ము మధ్యలో అరసెయ్యి పెట్టాల. దాని మీద ఇంకో సెయ్యి పెట్టాల. మోసేతులు వంచగూడదు."

"ఆ పొద్దు వంచినావా?"

"లేదు సార్."

"బలమంతా పెట్టినావా?"

"పెట్టినా సార్."

"మధ్యలో ఆపినావా?"

"ఆపలేదు సార్. ఇరిగినాక గూడా ఆపలేదు. నాకు సప్పుడు ఇనపడింది సార్, అయినా ఆపలేదు. లెక్క తప్పుతాదని ఆపలేదు."

"ఏడువు. ఏడిస్తే ఏడువు తల్లీ, పర్వాలేదు. ఏడ్చుకుంటానే విను. అదే సరైంది. విరిగినా ఆపకపోవడమే సరైంది. నేను నీకు నేర్పాల్సింది, నేర్పలేదు. నేర్పకపోయినా నువ్వు చేసినావు."

"నర్సమ్మ కోప్పడింది సార్."

"నర్సమ్మ మాట విన్నావు. డాక్టరు మాట వినలేదు నువ్వు. 'ఎవరు చేసింది ఇది, పెద్దోళ్ళెవరు' అనడిగినాడు. ఎనిమిదో తరగతి పిల్ల అంటే, నా మొగం చూసి, మళ్ళా అడిగినాడు. నమ్మలేదు."

"మరి మేడమ్ బతకలేదు గదా సార్."

"బతికింది."

"ఆఁ?"

"కొంచేపు. నేను ఎవరిదో బండెక్కి యెమ్మిగనూరు నుంచి ఆసుపత్రికి వచ్చి పడేసరికి కండ్లు తెరిచింది. నన్ను గుర్తుపట్టింది. మాట్లాడింది. నువ్వు వత్తకపోతే ఆ ఇంటి నుంచే వెళ్ళిపోయుండేది. నేనొచ్చేసరికి చాప మీద ఉత్త కట్టె ఉండేది నాకు. ఆమెను నాకు దక్కించింది నువ్వు. నేనొక్కణ్ణే ఉంటి లోపల, అందుకే ఎవరికీ తెలీదు."

"నా గురించి అడిగిందా సార్?"

"అడిగింది. 'పిల్ల సగం అన్నంలో లేసింది, జ్వరం పిల్ల, ఎవరన్నా ఇంత పెట్టండి' అనింది."

"నేను తినలేదు సార్ ఆ పొద్దు."

"తెలుసు. ఎవరు తిన్నాం?"

"ఇంకేమనింది?"

"ఇంకా... క్యాంపులో పిల్లోళ్ళు ఎట్లుండారు అనడిగింది."

"మీరేం సెప్పినారు?"

"అందరూ బాగుండారు అని చెప్పినా."

"ఇని ఏమనింది?"

"విని... ఏమీ అనలేదు. నవ్వింది. అంతే, నిద్రపోయినట్ల పోయింది. ఏదీ, ఇప్పుడన్నా ఎడమ చెయ్యి ఇయ్యి. ఇంకా గట్టిగా. నాకేమీ విరగలేదు గదా? అడుగో, మీ తమ్ముడు పాక్కుంటా వస్తాండాడు. వాడు కూడా మన స్కౌటే అనుకో. ఎత్తుకో."

"పడిపోతాడేమో సార్."

"నువ్వు పడేసేదానివి కాదు. ఎత్తుకో తల్లీ."

*

మంజుల అతణ్ణి గేటు దాకా సాగనంపుతూ వచ్చింది.

"ఎత్తుకునిందన్నా! సూస్తివి గదా? వాడు దాని జుట్టు పట్టుకొని ఇడిసిపెట్టడం లేదు. అది ఏడుస్తాండాదో నవ్వుతాండాదో తెలీలేదు నాకు."

"రెండూ."

"అన్నం తిని పోకూడదా?"

"ఇంకోసారి."

"నీ కాళ్ళు మొక్కుతా అన్నా."

"అట్లాంటివన్నీ వద్దు. లోపలికి పో, పిల్ల దగ్గరుండు."

"పోతాలే. అన్నా, ఒకందుకు అక్క పుణ్యాత్మురాలు. మనసులో ఏ బరువూ లేకుండా పోయింది. పిల్లోళ్ళంతా బాగుండారని నీ నోటితో ఇని, నవ్వి పోయింది. ఎంతమందికి దొరుకుతాది అట్ల?"

"ఊఁ."

"కడాకు అడిగింది గూడా ఆ పిల్లోళ్ళనే. మరి ఆ పిల్లోళ్ళనే నువ్వు వద్దనుకుంటే ఎట్ల? వచ్చే ఆదివారం ఈల ఊదన్నా. అక్క కోసమన్నా ఊదు."

"ఊదలేను మంజులా."

"అదే ఎందుకని అడుగుతాండా పొద్దుటి నుంచి! దాని మీద కోపం లేదంటివి. అంగడి లేదు, మోకాళ్ళు లేవు. మరేముండాది?"

"లోపల పిల్లతో చెప్పింది... అంతా అట్ల జరగలేదు."

"అట్ల జరగలేదంటే? అక్క కండ్లు తెరవలేదా? మాట్లాడలేదా?"

"తెరిచింది. మాట్లాడింది. అన్నం మాట కూడా నిజమే. చెయ్యి పట్టుకొని కూర్చుంటే, 'నా దగ్గర ఏముండాది, పిల్లోళ్ళను ఎవరి మీద ఇడిసిపెట్టి వచ్చినావు, ఎట్లుండారో కనుక్కొని రాపో' అనింది. లోపల ఫోనుకు సిగ్నల్ లేదు. చెయ్యి విడిపించుకొని బయటికి పోయి క్యాంపుకు చేసినా. అందరూ అన్నాలు తిని పాటలు పాడుకుంటాండారు సార్ అన్నారు. ఆ మాట చెప్పేదానికని పరిగెత్తుకుంటా లోపలికొచ్చినా మంజులా... వినేదానికి ఆమె లేదు."