గానుగల బావి కాడ ఆగిన కారు

గానుగల బావి తెలవని వాళ్ళు మీలో ఎవరన్నా ఉన్నారా? టౌనుకు పోయే డొంకదారిలో, పొగాకు కాల్చే బేరన్లు దాటినాక, నాలుగు గానుగ చెట్ల నడుమ ఉంటది చూడండి, మెట్లు దిగి నీళ్ళు తెచ్చుకునే పాత బావి, అదే. గొర్రెలు దప్పికతో నాలుకలు బయటపెట్టినా సరే కాపరులు అటు తోలరు. ఎండాకాలం ఊళ్ళో బావులన్నీ ఎండినా దాంట్లో నీళ్ళుంటయ్యి, అయినా ఎవరూ బిందె ముంచరు. ఎందుకో చెప్తా, దగ్గరకు జరగండి. ఆ లాంతరు కాస్త దూరంగా పెట్టమ్మా, పురుగులొస్తన్నయ్యి.

ముందటి కాలంలో ఒక కోడలుపిల్ల మిట్టమజ్జానం బిందె చంకన పెట్టుకోని ఆ మెట్లు దిగిందంట, దిగి పాచి మీద కాలు జారిందంట. పొద్దుగూకినా ఇంట్లోవాళ్ళు పిల్ల ఏమైందని ఒక్క కేకెయ్యలేదంట. ఎవరన్నా పిలిచుంటే పలికేదేమో, పైకొచ్చేదేమో, ఎవరికి తెలుసు? తననెవరూ పిలవలేదు గదా, అందుకని ఇప్పుడు అదే అందర్నీ పిలుస్తా ఉంటదంట. తన గొంతుతో కాదు. మన మనిషి గొంతుతో.

ఇక మాలకొండయ్య సంగతి వినండి. పొగాకు షావుకారు దగ్గర కారు డ్రైవరు. ఆ కారేమో ఆయనకంటే వయసులో పెద్దది, ముక్కు గుండ్రంగా, అరుగు మీద కూర్చున్న ముసలమ్మ లాగుండేది. ఆయన భార్య తిరపతమ్మ. మొగుడంటే ఎంత ప్రేమో అంత భయభక్తి, ఆయన పేరు జన్మలో నోటితో అనలేదు. పేరు చెప్తే మొగుడి ఆయుష్షు తరుగుద్దని నమ్మకం గదా మన ఆడోళ్ళకి. జనాభా లెక్కలోళ్ళొచ్చి నీ మొగుడి పేరేందమ్మా అంటే, శనివారం ఒక్కనాడే గుడి తెరిచే కొండ మీది దేవుడి పేరు అని సిగ్గుపడేది. పిలవాలంటే "ఏమయ్యో" అనేది. అంతే. ఆ "ఏమయ్యో" కోసమే ఆయన పనైపోంగానే ఇంటికి ఉరికేవాడంటే నమ్మండి.

ఒక వైశాఖంలో, పుల్లలు ఏరబోయిన తిరపతమ్మ కాలి మీద పాము కాటేసింది. మాలకొండయ్య పిక్కకు తాడు కట్టి, షావుకారు కాళ్ళమీద పడి, కారు తీసుకోని, ఆమెను వెనక సీట్లో పండబెట్టి టౌను ఆసుపత్రికి బయల్దేరాడు. పాము కరిచినోళ్ళు నిద్రపోకూడదంటారు గదా, అందుకని దారి పొడుగునా మాట్లాడే, ఏదో ఒకటి మాట్లాడే అంటా, వెనక్కి చూస్తా నడుపుతున్నాడు. ఆమె కూడా కోళ్ళను మూశావా, పెరట్లో కుండ బోర్లించావా అని అడుగుతానే ఉంది గానీ, నాలుక మొద్దుబారి మాట ముద్దముద్దగా వస్తంది. రెప్పలు వాలిపోతన్నయ్యి.

సరిగ్గా మిట్టమజ్జానానికి గానుగల బావి కాడికొచ్చేసరికి కారు రెండుసార్లు తుమ్మి ఆగిపోయింది.

మాలకొండయ్య సెల్ఫ్ కొట్టాడు. గిర్రు గిర్రు గిర్రు మని ఇంజను తిరుగుతంది గానీ అందుకోవడం లేదు. మళ్ళీ కొట్టాడు, తిరుగుతంది, అందుకోదు. దిగి బానెట్ ఎత్తాడు. పెట్రోలు లేదేమోనని ట్యాంకులో తుమ్మపుల్ల ముంచితే సగం దాకా తడిసింది. కరెంటు రావడం లేదేమోనని వైరు ఊడబీకి ఇనప ముక్కకు దగ్గరపెట్టి చూస్తే నీలంగా చిటుక్కుమంది. అన్నీ ఉన్నయ్యి మరి, ఎందుకు అందుకోదు? ఆఖరికి పెట్రోలు పైపు ఊడదీస్తే బుస్సుమని ఆవిరొచ్చింది, చుక్క పెట్రోలు రాలేదు. అప్పుడర్థమైంది. ఎండకు పెట్రోలు పైపులోనే మరిగి ఆవిరైపోతే పంపు దాన్ని పైకి లాగలేదు. మందు ఒకటే, పంపుకు తడిగుడ్డ చుట్టి చల్లారబెట్టాలి.

నీళ్ళేవి? క్యానులో ఉన్నయ్యన్నీ ఆమె కాటు కడగడానికే అయిపోయినయ్యి. చుట్టూ చూస్తే కనుచూపు మేర మనిషి లేడు, గానుగ చెట్ల కింద ఆ బావి తప్ప.

ఆయనకు భయం లేదని కాదు. భయం ఉంది. కానీ తిరపతమ్మ పెదాలు నల్లబడుతున్నయ్యి. తలగుడ్డ తీసుకోని, నేను నీళ్ళకు పోయొస్తా, నా చెవిన పడేట్టు పిలుస్తా ఉండు, నిద్రపోమాక అని చెప్పి మెట్లు దిగాడు.

లోపల చల్లగా ఉంది. బయట నిప్పులు కురుస్తుంటే ఆ చల్లదనం ఒళ్ళంతా ముద్దు పెట్టుకున్నట్టుందంట. పైనుంచి ఏమయ్యో, ఏమయ్యో అని వినబడతానే ఉంది, ఆయన ఊ, ఊ అంటానే దిగుతున్నాడు. పదో మెట్టు కాడ గుడ్డ ముంచాడు. అప్పుడు గమనించాడు, "ఏమయ్యో" పైనుంచి రావడం లేదు. నీళ్ళలోంచి వస్తంది.

అదీ ఎట్టాగ? ముద్దమాట కాదు, మొద్దుబారిన నాలుక కాదు. పెళ్ళయిన కొత్తలో తలుపు చాటునుంచి పిలిచిన గొంతు. ఏమయ్యో, ఇంకొక్క మెట్టు దిగు, ఇక్కడ నీళ్ళు ఇంకా చల్లన, నాకు బాగైపోయింది, రా అంటందంట.

అదే సమయానికి పైనుంచి గాడిదగొంతు లాంటిది, ముక్కుతో మూలిగినట్టు, ఒక కేక వచ్చింది.

"మాలకొండయ్యా!"

ఇప్పుడు చెప్పండి, మీరైతే ఏమనుకుంటారు? ఆయనా అదే అనుకున్నాడు. నా తిరపతమ్మ చచ్చినా నా పేరు పెట్టి పిలవదు, పైన ఉన్నదే దెయ్యం అనుకున్నాడు. అనుకోని పదకొండో మెట్టు దిగాడు. మోకాళ్ళ దాకా నీళ్ళు. పైనుంచి మళ్ళీ మాలకొండయ్యా, మాలకొండయ్యా అని గొంతు చీరుకుంటంది. ఆయన చెవులు మూసుకోని పన్నెండో మెట్టు దిగాడు. నడుము దాకా నీళ్ళు. కింద ఏమయ్యో అని నవ్వింది.

అంతలో పైన గిర్రు... గిర్రు... గిర్రు... మని ఇంజను తిరిగింది.

ఎవరో సెల్ఫ్ కొడుతున్నారు. ఆపకుండా కొడుతున్నారు. ఒక్కో గిర్రుకూ బలం తగ్గిపోతంది. డ్రైవరు చెవి గదా, మిగతాదంతా మరిచిపోయి ఒంటికాలి మీద లేచాడు.

"ఒసే, ఆపవే! బ్యాటరీ దిగిపోద్ది!"

అరుచుకుంటా రెండేసి మెట్లెక్కి ఉరికాడు. వెనక నుంచి ఏమయ్యో, నన్నొదిలి పోతావా అని ఏడుపు వినబడిందంట. తిరిగి చూడలేదు. చూడబుద్ధయింది గానీ చూడలేదు.

పైకొచ్చి చూస్తే తిరపతమ్మ ఎట్టా పాకిందో వెనక సీటునుంచి ముందుకు పాకి, బోర్లా పడి, సెల్ఫు మీటను పట్టుకోని ఉంది. పిలిస్తే పలకవేందయ్యా అంది ముద్దమాటతో. నువ్వు నా పేరు పెట్టి పిలుస్తావని కలగన్నానా అన్నాడాయన ఏడుస్తా. ఏమయ్యో అంటే నువ్వు నాకు కాకుండా ఇంకెవరికో ఊకొడతన్నావు, ఇంకేం చెయ్యను అంది.

ఊడదీసినయ్యన్నీ బిగించి, పంపుకు తడిగుడ్డ చుట్టాడు. ఒక్కసారి కొట్టే బలమే ఉంది బ్యాటరీలో. తొందరపడితే అంతే సంగతులు, ఆగితే మనిషి దక్కదు. గుడ్డ మీద చెయ్యి పెట్టి, సెగ తగ్గిందాకా, ఆమె ముక్కు కాడ వేలు పెట్టి, శ్వాస ఆడతందా లేదా చూసుకుంటా నిలబడ్డాడు. ఆ కాసేపు ఆయనకు ఏడాది. ఆ తర్వాత ఏడుకొండలవాడా అని సెల్ఫ్ లాగాడు. గిర్... రు... అని మూలిగి, ఆగబోయి, ఢబ్బుమని అందుకుంది.

టౌనులో సూదేశారు, మూడు రోజులు రెప్పెత్తలేదు, నాలుగోనాడు కళ్ళు తెరిచింది. తెరిచి చేసిన మొదటి పని ఏందో తెలుసా? ఏడవడం. కరిచిన పాము కోసం కాదు, బావిలో దాని కోసం కాదు. మొగుడి పేరు మూడుసార్లు అనేశాను, ఆయుష్షు తగ్గిపోయుంటదని. ఆయన నవ్వి, ఇంకొక్కసారి అనవే, మంచిగొంతుతో అని బతిమాలాడంట. అననే లేదు. ముసలితనం దాకా ఆయన అడగతానే ఉన్నాడు, ఆమె మూతి తిప్పుకుంటానే ఉంది.

ఆ బావిలో నీళ్ళు ఇప్పటికీ ఉన్నయ్యి. పోతామంటే పోండి, నాకేం, నేను పట్టుకోని ఆపేదెక్కడ ఈ మోకాళ్ళతో. కాకపోతే ఒక్క మాట. మిట్టమజ్జానం ఎండలో, కట్టుకున్నోళ్ళయినా కన్నోళ్ళయినా, మనల్ని అంత తియ్యగా ఎవరూ పిలవరు.