షెన్ గీసిన నిద్ర

1986 అక్టోబరు, ఆదివారం మధ్యాహ్నం. న్యూయార్క్ నుంచి ఎడిసన్ వెళ్తున్న కారు. డ్రైవ్ చేస్తున్నది డాక్టర్ జగన్మోహన్, పక్క సీట్లో భార్య జయంతి.

"నిజం చెప్పు జయంతీ, నేను నోరు అంత తెరిచి పడుకుంటానా?"

"షెన్ కొంచెం తగ్గించే గీశాడండీ."

"నవ్వకు! బనీను, బొజ్జ, జారిపోయిన కళ్ళజోడు... ఆరడుగుల బొమ్మ! కింద నా పేరు రాయలేదు కాబట్టి సరిపోయింది గానీ..."

"పేరెందుకు? మీ ఫ్రెండు కృష్ణమోహన్ గారు దాని పక్కన నిలబడి మిమ్మల్నీ బొమ్మనీ మార్చి మార్చి చూస్తుంటే హాలంతా గుర్తుపట్టింది."

"వాణ్ణి తీసుకెళ్ళడం నాదే బుద్ధి తక్కువ."

"ఆయన ఒక్కరేనా? తెలుగు అసోసియేషన్‌లో సగం మందికి ఫోన్ చేసి, 'మా షెన్ ఎగ్జిబిషన్, నేను పైకి తెచ్చినవాడు' అని చెప్పిందెవరు?"

"తేలేదా మరి? నేను కనిపెట్టకపోతే ఇంకా ఆ చైనీస్ రెస్టారెంట్‌లోనే గిన్నెలు తోముతూ ఉండేవాడు. మెనూ కార్డుల మీద పాండాలు గీసుకుంటూ."

"మీరు కనిపెట్టారా? చెయ్యి కాలి మీ క్లినిక్‌కి వచ్చాడు. కట్టు కట్టారు. ఏం చేస్తావంటే పెయింటర్‌ని అన్నాడు. అప్పుడు మీరేమన్నారు?"

"ఏమన్నాను?"

"'మా గరాజ్‌కి తెల్లరంగు వెయ్యాలి, ఎప్పుడొస్తావ్' అన్నారు."

"పెయింటర్ అంటే ఎవడనుకుంటాం? అయినా వచ్చాడుగా. వేశాడుగా."

"వచ్చాడు. చైనాలో హాంగ్‌జౌ అనే ఊళ్ళో వాళ్ళ నాన్న దగ్గర పదేళ్ళు సిరాబొమ్మలు నేర్చుకున్న మనిషి మన గరాజ్‌కి రెండు పూతలు వేసి వెళ్ళాడు."

"ఆ తర్వాతేగా క్లినిక్‌కి నా బొమ్మ వెయ్యమన్నాను! పద్ధతిగా, కోటూ స్టెతస్కోపూ..."

"బొజ్జ తీసెయ్యమన్నారు. జుట్టు పెట్టమన్నారు. పేషెంట్లు దాన్ని చూసి మీ తమ్ముడనుకుంటున్నారు."

"అడిగింది వేశాడు. కిక్కురుమనలేదే!"

"ఎందుకంటాడు? పన్నెండేళ్ళు అదే పని చేసొచ్చాడు. మీరు వినలేదు గానీ, మన వంటింట్లో టీ తాగుతూ నాకు చెప్పాడు."

"ఆ వచ్చీరాని ఇంగ్లీషులో అతనేం చెప్పాడో, నీకేం అర్థమైందో!"

"అంతా అర్థమైంది. అరవై ఆరులో, పాత కళలన్నీ తుడిచెయ్యాలని కుర్రాళ్ళు గుంపుగా ఇంటి మీద పడి, వాళ్ళ నాన్న బొమ్మలన్నీ వాకిట్లో పోగేసి తగలబెట్టారట. అగ్గిపుల్ల ఆ ముసలాయన చేతే గీయించారట."

"ఛ!"

"తర్వాత ఇతన్ని పట్టుకెళ్ళి, ఇక నుంచి దేశాన్నేలే పెద్దనాయకుడి బొమ్మ ఒక్కటే గీయాలన్నారు. స్కూలుకొకటి, స్టేషన్‌కొకటి, ఫ్యాక్టరీకొకటి. ముఖం మీద నీడ పడకూడదు. కళ్ళు పూర్తిగా తెరిచి ఉండాలి. పక్కన గీసే స్నేహితుడు ఒకసారి రెప్పలు కాస్త వాల్చి గీశాడు."

"ఊఁ?"

"పొలం పనికి పంపించారు. తిరిగి రాలేదు."

"మన ఎగ్జిట్ దాటిపోయిందా ఏంటి, నీ మాటల్లో పడి?"

"మన ఎగ్జిట్‌కి ఇంకా చాలా టైముంది."

"సరే, పాపమే. కాదన్నానా? దానికి నన్ను బనీనుతో గోడకి వేలాడదీయాలా? లాయర్‌తో మాట్లాడతాను. నా పర్మిషన్ ఏదీ?"

"ఏమని కేసు వేస్తారు? ఆ బొజ్జ నాది కాదనా?"

"జయంతీ!"

"పోయినేడు క్లినిక్ బొమ్మకి కూర్చున్నప్పుడు, ఆగస్టు ఎండ అని కోటు విప్పేసి, చొక్కా విప్పేసి, ఆ కుర్చీలోనే వెనక్కి వాలిపోయింది మీరు. ఆయన ఏం చేస్తాడు? కనపడింది గీశాడు. ఆ కాన్వాస్ తీసుకెళ్ళి రెస్టారెంట్ స్టోర్‌రూమ్‌లో బియ్యం బస్తాల వెనకాల దాచుకున్నాడు. ఇవాళ ఎగ్జిబిషన్ పెట్టిన ఆ గ్యాలరీ ఆవిడ ఒకరోజు అక్కడికి భోజనానికొచ్చి, బాత్రూమ్ అనుకుని ఆ తలుపు తీసింది."

"అదృష్టం అంటే అదీ."

"కదూ? మీరు నిద్రపోయారు, ఒక మనిషి పైకొచ్చాడు. మెలకువగా ఉండి ఎవరికీ ఇంత మేలు చెయ్యలేదు మీరు."

"అయిందా?"

"కాలేదు. ఇవాళ ఆయన మైకులో ఏమన్నాడో విన్నారా, బయటికి పోయి సిగరెట్ కాల్చారా? 'నా ఎదుట భయం లేకుండా నిద్రపోయిన మొదటి మనిషి ఇతను. మూసిన కళ్ళు కూడా గీయొచ్చని నాకు ఆ రోజే తెలిసింది' అన్నాడు. గురక పెట్టినందుకు ఎంత గౌరవం! నేను పదిహేనేళ్ళుగా వింటున్నాను, నాకెవరూ మైకివ్వలేదు. ఇంతకీ ఆయన మాట విన్నారా, లేదా?"

"విన్నాను."

"వినీ ఇంత కోపమా?"

"కోపం కాదు. అతను అలా అంటుంటే అక్కడ నిలబడలేక బయటికెళ్ళాను. నువ్వు అతనితో ఎప్పుడూ చెప్పకు."

"ఏది చెప్పకూడదు?"

"నేను పది నిమిషాలే నిద్రపోయాను జయంతీ. మెలకువ వచ్చేసరికి అతను గీస్తూ ఏడుస్తున్నాడు. కళ్ళు తెరిస్తే కుంచె కింద పెట్టేస్తాడని, సాయంత్రం దాకా తెరవలేదు."