తొమ్మిది ఓట్లు ఎక్కువ

2004 ఏప్రిల్. ఖిల్లా ఘణపూర్ దగ్గరి ఒక ఊరి బడిలో పోలింగు ముగిసింది. ప్రిసైడింగు అధికారి బక్కయ్య సారు వడ్డేపల్లి బడిలో సైన్సు చెప్పే పంతులు. ఓటింగు యంత్రం దగ్గర కూర్చున్న ఉమ వనపర్తి కాలేజీలో గుమాస్తా. లోపల గడియ వేసుకుని ఇద్దరే ఉన్నారు. సారు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఉన్నాడు.

“మళ్ల నొక్కు.”

“నాలుగుసార్లు నొక్కిన సారూ. ఆరువందల ఇరవయ్యొకటే వస్తుంది.”

“అసెంబ్లీ మిషన్ల?”

“దాంట్ల గూడ అంతే. పార్లమెంటు మిషన్ల గూడ అంతే.”

“రిజిస్టర్ల?”

“ఆరువందల పన్నెండు మంది. మీరు లెక్కవెడితిరి, నేను లెక్కవెడితి.”

“పేజీలు అతుక్కున్నయేమో. రెండు పేజీలు ఒక్కసారే తిరిగినయేమో. చూడు, తడి వేలుతోని చూడు.”

“చూసిన సారూ. అతుక్కోలే.”

“తొమ్మిది. మనుషులు లేరు, ఓట్లున్నయి. మెల్లగ మాట్లాడు, బయట ఏజెంట్లున్నరు.”

“నేను మెల్లగనే మాట్లాడుతున్న. మీరే గట్టిగ అంటున్రు.”

“ముప్పై ఏండ్ల నౌకరి బిడ్డా. ఒక్క మెమో లేదు. ఇంక ఏడు నెలలల రిటైరయితుంటి. సస్పెండ్ జేస్తే ఊర్ల తల ఎట్లెత్తుకోవాలె?”

“తొమ్మిది ఓట్లకు ఢిల్లీ సర్కారు పడిపోతదా సారూ? ఎవరు చూస్తరు?”

“ఐదేండ్ల కింద ఢిల్లీల సర్కారు ఒక్క ఓటుకే పడిపోయె. మరిసినవా? జోనల్ ఆఫీసరు జీపు ఆరింటికి వస్తది. లెక్క అడుగుతడు. ఏం రాయాలె నేను?”

“అయిదున్నరయింది సారూ.”

“నాకు తెల్వదా? ఆగు. ఆగు, సమజయింది. మిషన్ మంచిగ పనిచేస్తుందా లేదా అని పొద్దుగాల ఏజెంట్ల ముంగట ఉత్త ఓట్లు ఏసి చూసినం గద? అవ్వి తుడిచేయ మరిసిన. గదే. గవ్వే ఈ తొమ్మిది.”

“మీరు మరువలే సారూ.”

“మరిసిన. మనం టీవీల ‘ఏడో చుక్క’ సీరియల్ ముచ్చట్ల పడితిమి. ఒకటో బటన్ కెప్టెన్, రెండోది డాక్టరమ్మ, మూడోది రోబో అనుకుంట నొక్కితిమి. ఆకరి ఎపిసోడ్ల ఎవరు బతుకుతరని నువ్వూ నేనూ కొట్లాడితిమి. ఏజెంట్లు నవ్విన్రు మనల్ని చూసి. ఆ సీరియల్ పిచ్చిల క్లియర్ నొక్కుడు మరిసిన. తప్పు నాది, రాసిస్త. మరుపు తప్పే గాని దొంగతనం గాదు. ఒక మెమో ఇస్తరు, తీస్కుంట. ఇగ భయం లేదు. ఏంది, గట్ల చూస్తవు?”

“సీరియల్ల ఆ అంతరిక్ష నౌకల ఉన్నది పన్నెండు మంది సారూ.”

“అయితే?”

“మనం పన్నెండు ఓట్లు ఏసినం. తొమ్మిది గాదు. వంటాయన పాపం, ఆయనకు గూడ ఒకటెయ్యమని మీరే అంటిరి.”

“అంటి. అవును, అంటి.”

“అయినంక మీరే క్లియర్ నొక్కిన్రు. సున్న వచ్చింది. ముగ్గురు ఏజెంట్లు చూసి సంతకాలు పెట్టిన్రు. ఇగో కాయితం.”

“ఇటియ్యి. సున్ననే ఉంది. మరి ఈ తొమ్మిది యాడికెల్లి వచ్చినయి?”

“తెల్వదు సారూ.”

“నువ్వు నీ బల్ల మీద బటన్ నొక్కంది మిషన్ ఎవర్నీ ఓటెయ్యనియ్యదు. అవునా?”

“అవును.”

“ఎవరికన్నా రెండోసారి నొక్కినవా? ఎవరన్నా అడిగిన్రా, బెదిరిచ్చిన్రా?”

“లేదు సారూ. మా అమ్మ మీద ఒట్టు. నేను నొక్కలే.”

“ఏడువకు. నిన్ననలే. నాకు భయమైతుంది, అందుకే అడుగుతున్న. పొద్దుగాలంత లైనుండె, అందరం ఉంటిమి. మూడింటి తర్వాత మళ్ల లైనుండె. మనుషులు లేంది ఒంటిగంటకే. మనతోని డ్యూటీల ఉన్న మధు, స్రవంతి అన్నానికి పోయిన్రు. నేను…”

“మీరు బాలమ్మ ఇంటికి పోయిన్రు.”

“గోడ అవుతలనే గద ఇల్లు. సెలవు దినమని ఆకరి ఎపిసోడ్ మద్దినాలం ఏసిరి. ఓట్ల దినమని కరెంటు గూడ పోలే. మూడేండ్ల సంది చూస్తున్న ఉమా, ఒక్క వారం ఇడువలే. ఎండకు ఒక్క ఓటరు లేడు. నిన్ను కూసోవెట్టి అరగంట పోయిన. కంచె చేను మేసినట్టే, కాదన. గాని నువ్వుంటివి గద ఈడ.”

“జర మంచినీళ్లు తాగుండ్రి సారూ.”

“నీళ్లొద్దు. ఆ అరగంటల ఎవరన్నా వచ్చిన్రా?”

“ఎండకు ఎవరొస్తరు.”

“వచ్చిన్రా, రాలేదా?”

“రాలే.”

“ఏజెంట్లు?”

“ఇద్దరు తిననీకి పోయిన్రు. గణేష్ ఒక్కడే ఉండె.”

“కుర్చీలకెల్లి లేచిండా?”

“జీపు వచ్చే యాళ్లయింది సారూ. ఏదో ఒకటి రాయుండ్రి.”

“లేచిండా అని అడుగుతున్న.”

“నేను చూడలే.”

“మూరెడు దూరంల కూసున్నోన్ని చూడలేదా?”

“చూడలే సారూ. నిద్ర ముంచుకొచ్చింది. రాత్రంత దోమలు.”

“నిద్రనా? నిద్రపోతే ఆ మాట గూడ రాయాలె. వద్దు. నిన్ను ఇందుల దింప. చిన్నపిల్లవు, మొన్న మొన్న నౌకరిల చేరినవు. మిషనే తప్పు చూపెట్టిందని రాసి నెత్తిన నేనే ఏస్కుంట, ఆ కెప్టెన్ లెక్క. నీకు చెప్పనే లేదు గద, అందర్ని దింపేసి ఆకరికి ఒక్కడే పాయె.”

“ఒక్కడేడ పాయె సారూ. తలుపు మూతవడంగ రోబో చెయ్యి అడ్డం పెట్టి లోపల్కి దూరె గద.”

“ఏమంటివి?”

“ఏం లేదు.”

“అది ఆకరి నిమిషంల వచ్చింది. నేను ఎవరికీ చెప్పలే. నీకెట్ల తెలుసు?”

“ఎవరో అనంగ విన్న సారూ.”

“ఎవరు?”

“మధు.”

“మధు సీరియల్ పేరు చెప్తేనే లేచిపోతడు. ఉమా, నా దిక్కు చూడు.”

“బాలమ్మ కిటికీ కాడ నిలవడ్డ సారూ. మీ ఎనుకనే. మూడేండ్ల సంది నేను గూడ చూస్తున్న. కెప్టెన్ సస్తడేమోనని పానం ఆగలే. అయిదు నిమిషాలు చూసి వద్దామనుకున్న. అయిపోయేదాక కాలు కదలలే. మీకన్న ముంగట ఉరికొచ్చి కూసున్న.”

“అంటే అరగంట ఈ మిషన్ల కాడ…”

“గణేష్ ఒక్కడే సారూ.”

“నా తల్లీ.”

“తలుపు కొడుతున్రు సారూ.”

“సారూ, నేను గణేష్‌ను. ఒక్కన్నే ఉన్న. జర తలుపు తీయుండ్రి.”

“తీయకు ఉమా.”

“తీయకుంటే జీపొచ్చినంక తీయాలె సారూ. అప్పుడు అందరుంటరు.”

“తియ్యి. ఎన్క గడియ వెయ్యి.”

“నమస్తే సారూ. ఏంది, గిట్ల చెమటలు పట్టినయి? పరేషాన్ గాకుండ్రి. మా ఊరోళ్లు సగం మంది బొంబాయికి మట్టిపనికి పోయిన్రు. వాళ్ల పేర్లు తొమ్మిది రిజిస్టర్ల ఎక్కిచ్చుండ్రి. వేలిముద్రలు నేనేస్త. లెక్క అతికినట్టు సరిపోతది.”

“తొమ్మిదని నీకెవరు చెప్పిన్రు?”

“అన్నీ ఒకరు చెప్పాల్నా సారూ?”

“అవ్వి ఆ మనుషుల ఓట్లు గణేషూ. రేపు వాళ్లొచ్చి అడిగితే?”

“అయిదేండ్లకోసారి అడుగుతరు. గప్పటికి మీరు ఇంటికాడ మనమండ్లను ఆడిచ్చుకుంట ఉంటరు. చూడుండ్రి సారూ, బాలమ్మ మంచం మీద మీరు కూసున్నది నాకెర్క. కిటికీ కాడ ఈ అక్క నిలవడ్డది నాకెర్క. నేను ఎవరికన్న చెప్పిన్నా? చెప్ప. మీ నౌకరి, ఈ అక్క నౌకరి నిమ్మలంగ ఉంటయి. మీరు గూడ నా సంగతి ఎత్తకుండ్రి. జీపు సప్పుడయితుంది, జల్ది.”

“సారూ, ఏం జేద్దాం?”

“ప్రిసైడింగు డైరీ తియ్యి ఉమా.”

“పేర్లు రాయాల్నా సారూ?”

“ఒక్క పేరు రాయి, నాది. నేను చెప్త, నువ్వు రాయి: ‘మధ్యాహ్నం ఒంటిగంట నుండి ఒకటిన్నర వరకు ప్రిసైడింగు అధికారి బక్కయ్య టీవీ సీరియల్ చూడటానికి పోలింగు కేంద్రం విడిచి వెళ్లినాడు.’ రాసినవా? ఇటియ్యి, సంతకం పెడత.”