తాడు లాగిందెవరు?

ముందు ఆ బూట్లు విప్పవే వెందులా. బట్టలు మార్చుకునే గదిలో మోకాళ్ళలో తల పెట్టుకుని కూర్చుంటే ఎలా? తరవాతి షిఫ్టు వాళ్ళు వచ్చే వేళయింది. ఇదిగో, గసగసాల రొట్టె, పొద్దుట నేను తినంది. తిను. వద్దా? సరే, ఇక్కడ పెడతాలే.

అసలు తప్పంతా ఈ ఇద్దరు యజమానులదే. ఫ్రెంచి కంపెనీ, జపాన్ కంపెనీ కలిసొచ్చి మన చెక్ దేశంలో, ఈ బొహీమియా బంగాళదుంప పొలాల్లో కార్ల ఫ్యాక్టరీ పెట్టాయి. కారు ఒకటే, దాని మూతికి తగిలించే బిళ్ళలే వేరు. పెళ్ళయితే చేసుకున్నారు గానీ వంట ఒకరిది, పెత్తనం ఒకరిది. కార్లు కట్టించేది జపాన్ వాళ్ళు, మనుషుల్ని పెట్టుకునేదీ తీసేసేదీ ఫ్రెంచి వాళ్ళు. మధ్యలో నలిగేది మనం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం.

ఆ తాడు సంగతే తీసుకో. చిన్న లోపం కనబడినా సరే, తలపైన వేలాడే తాడు లాగి కార్లు కదిలే లైను ఆపెయ్యమంటాడు లైను చూసే జపాన్ పెద్దాయన, ఇనగాకి సాన్. ఆపితే తిట్టడు సరిగదా, నడుం వంచి దండం పెడతాడు. "ఎవరు" అని అడక్కూడదట, "ఎందుకు" అని అడగాలట. ఒకసారి కాదు, అసలు కారణం తేలేదాకా అడుగుతూనే ఉండాలట. నేను నమ్మానా? లోలోపల నవ్వుకున్నాను.

నీకేం తెలుసమ్మా, కమ్యూనిస్టుల కాలం, అప్పటికి నువ్వు పుట్టలేదు. నేను ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో చేసేదాన్ని. బెద్రిఖ్ అని మా పక్క మిషన్ మీద ఉండేవాడు, మంచి పనివాడు. గేరు చక్రానికి పన్ను విరిగి ఉండడం చూసి బెల్టు ఆపాడు. పైవాళ్ళు వచ్చి "ఎవరు" అన్నారు. ఎవరో వేలు చూపించారు. కుట్రదారుడని ముద్రేసి గనుల్లోకి తోలారు అతన్ని. ఆ తరవాత మాలో మాకు ఒక మాట. ఎవరని ఎవడడిగినా, "ఎవరూ కాదండీ, దానంతటదే ఆగింది" అనాలి. చచ్చినా పేరు చెప్పకూడదు. మాకు మిగిలిన పరువల్లా అదే.

మొన్న నువ్వు లాగావు చూడు, సీటు బెల్టు బోల్టు ఓరగా దిగిందని. అంతమందిలో నీ ఒక్కదాని కంటనే పడింది. నాకెంత గర్వంగా అనిపించిందో తెలుసా? పైకి మాత్రం అనలేదు. ఆ రోజు ఇనగాకి సాన్ ఊళ్ళో లేడు, జపాన్ వెళ్ళాడు. లేకపోతే నీకే దండం పెట్టేవాడు, ఈ గొడవే ఉండేది కాదు.

నిన్న ఫ్రెంచి వాళ్ళ తరఫున మనుషుల లెక్క చూసే పెల్తియే దిగాడు. ఎప్పుడూ పుల్ల మజ్జిగ తాగినట్టుంటుందిగా ఆయన ముఖం, అలాగే జట్టు పెద్దనని నా దగ్గరికే వచ్చి, "మొన్న తాడు లాగిందెవరు?" అన్నాడు. నువ్వింకా పర్మనెంటు కాలేదు, ఈ వారంతో గడువు అయిపోతుంది, ఇంట్లో ఇద్దరు పిల్లలు. నీ పేరెలా చెబుతాను?

"ఎవరూ లాగలేదు ముస్యూ, ఎవరి భుజమో తగిలుంటుంది" అన్నాను. ఊరుకున్నానా? "మా వెందులా అయితే అసలు తాడు జోలికే పోదు" అని కూడా అన్నాను. ఆయన తలూపి వెళ్ళాడు. రాత్రి హాయిగా నిద్రపోయాను.

అలా చూడకు. పూర్తిగా విను.

ఇందాక నిన్ను తీసేశారని తెలిసి ఇనగాకి సాన్ దగ్గరికి పరిగెత్తాను. ఆయన తెల్లబోయాడు. "ఆ లాగిన మనిషిని వదులుకోవద్దని పెల్తియేకి నేనే చెప్పాను. అందుకే అడగడానికొచ్చాడు" అన్నాడు. తాడు ముట్టనివాళ్ళు కళ్ళు మూసుకుని పనిచేసినట్టే లెక్కట వాళ్ళకి. అలాంటి వాళ్ళని ఉంచుకోరట.

లాగింది నువ్వేనని చెప్పేశాను. ఎందుకు అబద్ధమాడావన్నాడు. కాపాడాలని అన్నాను. ఎవరి నుంచి కాపాడాలనుకున్నావు, ఎందుకు అన్నాడు. పేరు చెబితే మనిషి మిగలడని అన్నాను. ఎందుకలా అనుకున్నావన్నాడు. ఏం చెప్పను? బెద్రిఖ్ గురించి ఆయనకేం చెప్పను? ఏడ్చేశాను.

పాపం, నన్ను వెంటబెట్టుకుని పెల్తియే గదికి వచ్చాడు. తలుపు దగ్గర నిలబడి ఇద్దరూ ఇంగ్లీషులో చాలాసేపు గొణుక్కున్నారు. చివరికి పెల్తియే తల అడ్డంగా ఊపాడు. ఇనగాకి సాన్ నా వైపు తిరిగి, "లైను మా చేతిలో ఉంది, మనుషులు వాళ్ళ చేతిలో ఉన్నారు" అని దండం పెట్టాడు. ఆ దండం నేనేం చేసుకోను?

నన్ను తిట్టవే వెందులా. నాలుగు తిట్టు, కొట్టు, పడతాను. నీ పొట్ట కొట్టింది పెల్తియే కాదు, నేను.

నీ చోట్లోకి సోమవారం ఇంకో అమ్మాయి వస్తుంది. భయపడకుండా తాడు లాగడం దానికి నేర్పమని నాకే అప్పజెప్పారు.