రెండో గడి ఖాళీగా ఉండకూడదు

పంతొమ్మిది వందల తొంభై ఒకటి జూన్ పదిహేడవ తేదీ, సోమవారం ఉదయం, బీర్కూర్ నుండి వచ్చిన తొలి బస్సు దిగి డాక్టర్ రాధాకుమారి గారు బాన్సువాడ మంజీర ప్రజావైద్యశాలలో వైద్యాధికారిణిగా బాధ్యతలు స్వీకరించారు. కాలువ నీటిని నమ్ముకుని కోస్తా నుండి తరలివచ్చి, బీర్కూర్ మాగాణుల్లో స్థిరపడిన రైతు కుటుంబం వారిది. వారి మాటలో కోస్తా ఉన్నా, మొండితనం మాత్రం అచ్చంగా ఇక్కడి రేగడిదేనని సిబ్బంది చాటుగా చెప్పుకునేవారు. ముఖాన అనే ధైర్యం మాత్రం ఎవరికీ లేకపోయింది.

తొంభై ఐదులో వైద్యశాలకు తొలి అల్ట్రాసౌండ్ యంత్రం వచ్చింది. రాధాకుమారి గారు హైదరాబాదులో ఆరు నెలలు శిక్షణ పొంది వచ్చి, ఆ విద్యకు ఈ ప్రాంతంలో ఏకైక అధికారిణి అయ్యారు. యంత్రం ఒక గదిలో, గది తాళంచెవి వారి కొంగున. ప్రాణాపాయంలో ఉన్న రోగిని సైతం స్ట్రెచర్ మీద ఆ గదికే తీసుకుపోవాలి. వారు చూసి ఇచ్చిన కాగితమే వేదవాక్కు. అది తమకు ఎంతో గర్వంగా ఉండేదని, ఆ గర్వమే తమ కళ్ళు కప్పిందని తరువాతి కాలంలో వారే ఒప్పుకున్నారు.

తొంభై ఏడు ఫిబ్రవరిలో చెరకు ట్రాక్టరు బోల్తాపడి దెబ్బలు తగిలిన ముత్తెన్న అనే రైతును తీసుకువచ్చారు. రాధాకుమారి గారు స్కాన్ చేసి, కడుపులో రక్తస్రావం లేదని రాసి ఇచ్చారు. కొంతసేపటికి ఆయా మోతీబాయి పరుగున వచ్చి, "అమ్మా, మనిషి తెల్లగైతుండు. ఇంకొక్కపాలి చూడుండ్రి" అని ప్రాధేయపడింది. "చూశాను కదా మోతీబాయీ, శుభ్రంగా ఉంది" అని వారు తరువాతి రోగిని పిలిచారు. సన్నగా మొదలైన రక్తస్రావం తొలి చూపుకు అందదని, కాస్త ఆగి మళ్ళీ చూస్తేనే బయటపడుతుందని తెలిసిన వారే ఆనాడు మళ్ళీ చూడలేదు. నిజామాబాద్ తరలిస్తుండగా దారిలో వర్ని గ్రామం దాటకముందే ముత్తెన్న కన్నుమూశాడు.

దశదినకర్మ ముగిసిన మర్నాడు రాధాకుమారి గారు ముత్తెన్న భార్య పోసవ్వ ఇంటికి వెళ్ళి, తప్పు తమదేనని చెప్పారు. వెళ్ళవద్దని వారించినవారు చాలామందే ఉన్నారు. పోసవ్వ, "నువ్వన్న వచ్చి చెప్పినవ్ బిడ్డా. ఇగ ఇంకో ఇంట్ల గిట్ల కానియ్యకు" అన్నది. తమ ఒక్కరి మాట మీద మరో మనిషి ప్రాణం పోకూడదు అన్నదే ఆనాటి నుండి వారి ఏకైక దీక్ష అయింది.

మరుసటి సంవత్సరం యంత్రం చక్రాల బల్ల ఎక్కి అత్యవసర విభాగంలోని మంచాల నడుమకు వచ్చింది. చట్టప్రకారం డ్యూటీ వైద్యులందరి పేర్లూ జిల్లా కార్యాలయంలో నమోదు చేయించి, ప్రతి గురువారం మధ్యాహ్నం వారికి శిక్షణ ఇవ్వసాగారు. కోతికి కొబ్బరికాయ దొరికినట్టవుతుందని నిండు సమావేశంలో వాదించినవారిలో శస్త్రవైద్యుడైన ఈ వ్యాసకర్తే ప్రథముడు. రాధాకుమారి గారు చిరునవ్వుతో విని, మరుసటి గురువారం ఆ శస్త్రవైద్యుణ్ణే ముందు బెంచీ మీద కూర్చోబెట్టారు.

వారి బోధన అతి సరళం. తెర మీద ద్రవం నల్లగా కనిపిస్తుంది; ఉండకూడని చోట నలుపు ఉందా లేదా అన్నదే ప్రశ్న. కాగితం మీద రెండు గడులు. మొదటి గడి వెంటనే నింపాలి, రెండోది అరగంట తరువాత మళ్ళీ చూసి నింపాలి. రెండో గడి ఖాళీగా ఉంటే రోగిని మంచం మీద నుండి కదిలించరాదు, చెప్పినవారు ఎంత పెద్దవారైనా సరే. ప్రతి బృందానికీ తొలి పాఠంగా ముత్తెన్న కథనే, తమ పేరు దాచకుండా చెప్పేవారు.

తొలి బృందం నాటి ఒక ముచ్చట చెప్పకపోతే ఈ వ్యాసం చప్పగా ఉంటుంది. మూత్రాశయం నిండుగా ఉంటే ఎలా కనిపిస్తుందో చూపడానికి వార్డు ఉద్యోగి రెడ్యా రెండు చెంబుల నీళ్ళు తాగి బల్ల మీద పడుకున్నాడు. ఈ సంగతి తెలియని డాక్టర్ అఖిలేశ్ గారు ఆలస్యంగా వచ్చి, తెర మీద నలుపు చూసి, "కడుపు నిండా రక్తం! ఆపరేషన్ థియేటర్‌కు చెప్పండి!" అని కేకపెట్టారు. "రక్తం లేదు గిక్తం లేదు సారూ! గంటసేపట్నుంచి ఆపుకున్న, జర ఇడువుండ్రి!" అంటూ రెడ్యా లేచి పరుగందుకున్నాడు. అఖిలేశ్ గారు నేడు మద్నూర్‌లో పేరుమోసిన వైద్యులు; రెడ్యా ఎదురైతే మాత్రం ఈనాటికీ దారి మార్చుకుంటారు.

రెండువేల ఆరు వరకు నలభై ఒక్కమంది వైద్యులు వారి వద్ద ఈ విద్య నేర్చుకున్నారు. ఆ సంవత్సరం డిసెంబరులో వైద్యశిబిరం నుండి తిరిగి వస్తుండగా, వారు ప్రయాణిస్తున్న జీపును చెరకు ట్రాక్టరు గుద్దింది. రాధాకుమారి గారు తమంతట తామే నడిచి వైద్యశాలలోకి వచ్చి, పక్కటెముక నొప్పి తప్ప మరేమీ లేదన్నారు. శిక్షణలో చేరి మూడు నెలలైనా నిండని డాక్టర్ సంజన స్కాన్ చేసింది. నలుపు లేదు. బయట రోగులు ఎదురుచూస్తున్నారంటూ వారు మంచం దిగబోయారు.

సంజన అడ్డంగా నిలబడింది. "రెండో గడి నింపలే మేడమ్."

"నాకే పాఠాలు చెబుతావా అమ్మాయ్? నా ఒళ్ళు నాకు తెలియదా?"

పిల్ల అడుగు కదలలేదు. "మీరు చెప్పిన పాఠమే మేడమ్. పెద్దోళ్ళు చెప్పినా ఇనొద్దన్నరు. పండుకోండ్రి."

వారు కోపంగానే పడుకున్నారు. అరగంట తరువాత ప్లీహం పక్కన సన్నని నల్లటి గీత కనిపించింది. మరో పావుగంటలో ఈ వ్యాసకర్త చేతిలో కత్తి ఉంది. కడుపు తెరిచాక కంటపడిన రక్తాన్ని చూసి, ముందు బెంచీ మీద తనను కూర్చోబెట్టినందుకు అతడు మనసులోనే వారికి దండం పెట్టుకున్నాడు.

నాలుగో రోజున పోసవ్వ బస్సెక్కి వచ్చి మంచం పక్కన కూర్చున్నది. జరిగిందంతా విని, "మంచిగ నేర్పినవ్ బిడ్డా" అన్నది. పద్దెనిమిదేళ్ళలో రాధాకుమారి గారు ఏడవడం సిబ్బంది చూసింది ఆ ఒక్కనాడే.

ఈ జూన్ ముప్పైన పదవీ విరమణ చేస్తున్న డాక్టర్ రాధాకుమారి గారికి సంపూర్ణ ఆరోగ్యం, కంటినిండా నిద్ర, మనుమల అల్లరి, కాలువగట్టు మీద సాయంకాలపు నడక నిండు నూరేళ్ళూ లభించాలని సహోద్యోగులందరి హృదయపూర్వక ఆకాంక్ష. సాయంత్రపు బీర్కూర్ బస్సు వారు నిశ్చింతగా ఎక్కవచ్చు. రెండోసారి చూసేవాళ్ళు ఇక్కడ ఉన్నారు.

సహోద్యోగుల పక్షాన,
డాక్టర్ దేవిదాస్, శస్త్రచికిత్స విభాగం
జూన్, 2009