చివరి పన్నెండు పేజీలు

గ్రంథాలయం, మధ్యాహ్నం మూడు గంటలు. కౌంటరుకు ఒకవైపు లైబ్రేరియన్, రెండోవైపు వేసవి సెలవుల్లో వాలంటీరుగా చేరిన పదిహేడేళ్ల అమ్మాయి. ఇద్దరి మధ్య పసుపుపచ్చ చీటీల కుప్ప.

"ఇది చదువు."

"మేడమ్, అది..."

"నీ రాతేగా. చదువు. గట్టిగా."

"'హంతకుడు వంటవాడు. మిగతా రెండొందల పేజీలు మీ ఇష్టం.'"

"ఆ పుస్తకం ఎవరు తీసుకెళ్లారో తెలుసా? రిటైరైన లెక్కల మాస్టారు. గడువు ఎప్పటికో చూసుకుందామని వెనకట్ట తిప్పాడట, నీ చీటీ కనపడింది. పొద్దున్నే వచ్చి నా ముందు పెట్టి, 'ఏంటమ్మా ఇది, నేనింకా సగంలో ఉన్నాను' అన్నాడు. మొన్నట్నుంచీ డ్రైవరు మీద అనుమానపడుతున్నాట్ట."

"డ్రైవరు మీదా? డ్రైవరు నాలుగో పేజీలోనే సెలవు పెట్టి ఊరెళ్లిపోయాడు కదా మేడమ్. మాస్టారు సరిగ్గా చదవలేదు."

"నోరు ముయ్యి. ఎన్ని పుస్తకాల్లో పెట్టావివి?"

"కొన్నిట్లో."

"కొన్నంటే?"

"ఓ పాతిక..."

"పొద్దున్నుంచి నేను లాగినవే డెబ్భై మూడు."

"అయితే ఇంకో నలభై ఉంటాయి."

"ఎంత చల్లగా చెప్తున్నావే. నీకు నేనిచ్చిన పనేంటి?"

"అట్టలూడిన పుస్తకాలకి జిగురు పెట్టడం. వెనక గడువు కాగితం అంటించడం."

"విమర్శలు రాయమన్నానా?"

"జిగురు ఆరడానికి అరగంట పడుతుంది మేడమ్. అందాకా అట్టని పట్టుకునే కూచోమన్నారు. చేతిలో పుస్తకం పెట్టుకుని ఊరికే ఎలా కూచుంటాం?"

"మిగతా పిల్లలు కూచోలేదూ? హాయిగా ఫోను చూసుకున్నారు. నువ్వూ చూసుకోవాల్సింది."

"నా ఫోను మొదటిరోజే మీరు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేశారు."

"అదే నేను చేసిన తప్పు. ఏటా వేసవొస్తే చాలు, ఓ దండు దిగుతుంది. 'సేవ చేస్తాం మేడమ్' అని. సేవట. ఒక్కడికి అక్షరక్రమంలో పుస్తకాలు పేర్చడం రాదు. ఒకమ్మాయి రంగుల వారీగా పెట్టింది, ఫొటోలో బావుంటుందని. ఎవరికీ పుస్తకాలు అక్కర్లేదు, సర్టిఫికెట్టు ముక్క కావాలి."

"నాక్కూడా దానికోసమే మేడమ్. నేనెప్పుడూ సేవ అనలేదు."

"ఆ మాట మాత్రం నిజమే. ఇంకా చదువు, ఆ పైది."

"ఇది వంటల పుస్తకంలోది. 'అన్నిట్లోనూ ఉప్పు తగినంత అని రాశారు. తగినంత అంటే ఎంతో తెలిసినవాళ్లకి ఈ పుస్తకమెందుకు?'"

"దాని కిందది."

"'ఈ కవికి వాన తప్ప ఇంకేం తెలీదు. ఎవరైనా గొడుగు కొనిపెట్టండి.' మేడమ్, మీరు నవ్వారు."

"దగ్గొచ్చింది. పెద్ద మొనగత్తెవి మరి. ఆయన ముప్ఫయ్యేళ్లు రాశాడు. నువ్వు అరగంటలో ఉతికి ఆరేశావు."

"అరగంట కూడా పట్టలేదు. ఇరవై నిమిషాల్లో అయిపోయింది. సగం పేజీలు ఖాళీయే."

"మేడమ్, పనిలో ఉన్నారా? నేనండీ, ఎదురు టైలరు షాపు."

"చెప్పమ్మా. ఏం కావాలి?"

"మొన్నొక నవల తీసుకెళ్లానండీ. దాంట్లో చీటీ ఉంది. 'మొదటి యాభై పేజీలు వదిలెయ్యండి, అత్తగారు దిగాకే కథ' అని. నిజమేనండోయ్, అత్తగారు దిగాక కుట్టుపని కూడా పక్కన పెట్టేశాను. అలాంటి చీటీ ఉన్నది ఇంకోటి ఇస్తారేమోనని."

"చీటీలు లేవు."

"మరి ఆ కుప్ప..."

"లేవన్నానుగా. వారపత్రికలు అటువైపు."

"మా షాపులో కాజాలు కుట్టే అమ్మాయి కూడా అడుగుతోందండీ. దానికి పుస్తకమంటేనే పడదు."

"రేపు రామ్మా. ఇప్పుడు కాదు."

"సరేనండీ, రేపొస్తాను."

"చూశారా మేడమ్?"

"ఏం చూడాలి? నీకు హారతి పట్టాలా?"

"ఈ నెల ఎన్ని పుస్తకాలు బయటికెళ్లాయో రిజిస్టరు చూడండి."

"చూశాను."

"ఎన్ని?"

"నీకనవసరం."

"నా చీటీలు పెట్టినవే ఎక్కువ వెళ్లుంటాయి."

"నీకనవసరం అన్నానా లేదా? సాయంత్రం లోపల ఆ మిగతా నలభై కూడా తీసి నా బల్ల మీద పెట్టి, ఇంటికెళ్లు."

"తీసేస్తాను. మరి సర్టిఫికెట్టు మేడమ్? నిన్నటితో అరవై గంటలూ అయిపోయాయి."

"పెట్టను సంతకం."

"మేడమ్."

"పెట్టనంటే పెట్టను. ప్రజల సొమ్ముతో కొన్న పుస్తకాల్లో నీ పిచ్చిరాతలు పెట్టినందుకు మెచ్చుకుంటూ సంతకమా?"

"సోమవారం లోపల ఇవ్వాలి మేడమ్. అది లేకపోతే స్కాలర్‌షిప్పు ఇంటర్వ్యూకే పిలవరు. స్కాలర్‌షిప్పు రాకపోతే నాన్న నన్ను బయటికి పంపరు. మా వీధి చివరి కాలేజీలో వేసేస్తారు."

"వేస్తే ఏం? అదీ చదువేగా."

"మా అక్క అక్కడే చదివింది. ఇప్పుడింట్లో టీవీ ముందు కూచుని, బెండకాయ సన్నగా ఎలా తరగాలో నాకు నేర్పుతోంది. నేనక్కడ చేరితే అంతే మేడమ్. ఇంట్లోంచి కదలను ఇంక. ఈ ఒక్క కాగితం మీదే ఉంది అంతా."

"ఆ బుద్ధి చీటీలు రాసేటప్పుడు ఏ గడ్డి తింది?"

"తప్పే. ఏం చెయ్యమంటే అది చేస్తాను."

"క్షమాపణ రాసివ్వు."

"రాసిస్తాను. ఏమని?"

"'నాకు సాహిత్యం గురించి ఏమీ తెలియదు. చీటీల్లో రాసినవన్నీ తప్పులు' అని."

"అడగకుండా చీటీలు పెట్టడం తప్పని రాస్తాను."

"నేను చెప్పిందే రాయాలి."

"చీటీల్లో ఉన్నది తప్పని ఎలా రాయను మేడమ్? వంటవాడే కదా హంతకుడు."

"అంటే సంతకం అక్కర్లేదన్నమాట."

"కావాలి. చాలా కావాలి. కానీ అది రాయను."

"అబ్బో. సరే. అన్నీ నిజాలేనంటావ్. అయితే ఇదీ చదువు."

"ఇదెక్కడిది? ఇది కుప్పలో లేదే. మీరు విడిగా పెట్టుకున్నారా?"

"ఎక్కడ పెట్టుకుంటే నీకెందుకు? చదువు."

"ఇదొద్దు మేడమ్. ఇది కొంచెం కోపంలో రాశాను."

"ఇందాకటి నోరేమైంది?"

"చదువుతాను. 'నూట ఎనభై నాలుగు పేజీలు ఊపిరి తీసుకోకుండా చదివాను. చివరి పన్నెండు పేజీలు ఎవరు రాశారో ఈవిడనే అడగాలి. ఇంత తెలివైన మనిషి చివర్లో తోక ముడిచింది. సిగ్గుపడాలి.'"

"సిగ్గుపడాలి."

"అంటే మేడమ్, నా ఉద్దేశం..."

"నీళ్లు నమలకు. ఆవిడెవరో నీకు తెలుసా?"

"తెలీదు. ఏదో కలంపేరు ఉంది. ఫొటో కూడా లేదు. వేరే పుస్తకాలున్నాయేమోనని ర్యాకులన్నీ వెతికాను. ఒక్కటీ లేదు."

"ఏ పరిస్థితిలో రాసిందో తెలుసా? ఎన్ని పనుల మధ్య, ఎవరి కంట పడకుండా రాసిందో తెలుసా? పదిహేడేళ్లకే తీర్పులు చెప్పడానికి బయల్దేరావ్."

"పరిస్థితి ఏదైనా చదివేవాళ్లకి కనపడేది పుస్తకమే కదా మేడమ్. ఆ టెలిఫోను ఆపరేటరు ఎలాంటి మనిషి? రోజంతా అందరి అబద్ధాలూ వింటుంది. ఇంటికొస్తే మొగుడి అబద్ధాలు. ఎవర్నీ ఒక్క మాటనదు. చప్పుడు కాకుండా బస్సు టిక్కెట్టు కొని, పెట్టె సర్దుకుంటుంది. అక్కడిదాకా నేను జిగురు సంగతే మర్చిపోయాను. అలాంటిది, చివర్లో వాళ్లాయన రెండుసార్లు దగ్గగానే టిక్కెట్టు చింపేసి, కాళ్ల మీద పడి, సంసారం, ఓర్పు, ఇంటిదీపం అని ఉపన్యాసం మొదలెడుతుంది. అప్పటిదాకా పొడిపొడిగా రెండు ముక్కల్లో మాట్లాడిన మనిషి. నాకు ఒళ్లు మండిపోయింది. విసిరేశాను."

"విసిరేశావా?"

"అట్ట మళ్లీ ఊడింది. మళ్లీ జిగురు పెట్టాను."

"లైబ్రరీ పుస్తకం."

"మిగతావేవీ విసరలేదు మేడమ్. వాటి మీద అంత కోపం రాలేదు."

"ఇంకా ఏమైనా ఉందా నీ తిట్లదండకం?"

"ఒకటుంది. చెప్తే ఇంకా కోప్పడతారు."

"ఇప్పుడు ముద్దులాడుతున్నానా? చెప్పు."

"ఆపరేటరు ఎడమచేత్తో రాస్తుంది. మొదటి పేజీ నుంచీ అంతే. రాస్తుంటే సిరా చేతికంటుకుని లాగ్‌బుక్కంతా అలికేస్తుంది, సూపర్‌వైజరు తిడుతుంటాడు. చివరి అధ్యాయంలో వాళ్లమ్మకి ఉత్తరం రాస్తుంది చూడండి, అది కుడిచేత్తో. తన మనిషి ఏ చేత్తో రాస్తుందో రాసినావిడకే గుర్తులేకపోతే ఎలా? నిర్లక్ష్యం కాదూ?"

"ఏ చేత్తో అన్నావ్?"

"కుడిచేత్తో. కోపమొచ్చిందా మేడమ్?"

"అది ఇంతవరకూ ఎవరూ చూడలేదు."

"చదివినవాళ్లెవరూనా?"

"ఎవరు చదివారని? వెనక గడువు కాగితం మీద ముద్రలు చూడలేదా?"

"మూడున్నాయి."

"ఇరవై నాలుగేళ్లలో."

"పాపం."

"పాపం అనకు. ఆ మాటంటే నాకు పడదు."

"సరే. కానీ నిర్లక్ష్యమేగా?"

"ఆవిడ నిర్లక్ష్యం కాదు. ఆ పన్నెండు పేజీలు ఆవిడ రాయలేదు."

"మరి?"

"వాళ్లాయన. నీకెందుకు శ్రమ, ప్రెస్సు పని నేను చూసుకుంటానని రాతప్రతి పట్టుకెళ్లాడు. ప్రూఫులు కూడా తనే దిద్దాడు. దిద్దుతూ దిద్దుతూ చివరికొచ్చేసరికి మింగుడు పడలేదు. పెళ్లాం మొగుణ్ణి వదిలేసి బస్సెక్కిందని రాస్తే నలుగురిలో తలెత్తుకునేదెలా? ఒక్కపూటలో కూచుని గీకేశాడు. కట్టలు ఇంటికొచ్చాక చూసుకుంది ఆవిడ."

"చూసుకుని ఏం చేసింది?"

"ఏం చేస్తుంది? ఐదొందల కాపీలు. ఆవిష్కరణకి అప్పటికే అందర్నీ పిలిచేశాడు. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని వేదిక మీద కూచుంది. అందరూ లేచి, ముగింపు బ్రహ్మాండం అన్నారు. నవ్వింది."

"ఛీ."

"ఎవర్ని ఛీ అంటున్నావ్?"

"ఇద్దర్నీ."

"ఇద్దర్నీనా?"

"ఆయన్ని ఎక్కువ. కానీ ఆవిడ నవ్వడమేంటి మేడమ్? ఆ మైకు ముందే చెప్పొచ్చు కదా, ఇది నేను రాయలేదని. పోనీ అప్పుడు కాకపోతే తర్వాత. ఇరవై నాలుగేళ్లున్నాయి. ఒక్క పుస్తకంతో ఊరుకుంది."

"నోరు బాగా లేస్తోంది నీకు."

"మీరే చెప్పమన్నారు. మరి ఆ చెయ్యి సంగతి? ఆయన ప్రూఫులన్నీ దిద్దాడు కదా. పుస్తకమంతా ఎడమచెయ్యేనని కనపడలేదా?"

"ఆయన కామాలు చూసుకున్నాడు. ఆవిడ తన ఎడమచెయ్యినే ఆ ఆపరేటరుకిచ్చింది. పక్కనే కూచుని ఇంటి లెక్కలు రాసుకుంటుంటే పదేళ్లు చూశాడు. ఏ చేత్తో రాస్తోందో మాత్రం చూడలేదు."

"ఆయన ఇప్పుడున్నాడా?"

"నిక్షేపంగా. ఆ చివరి అధ్యాయం వల్లే పుస్తకం నిలబడిందంటాడు ఇప్పటికీ."

"మూడు ముద్రలతోనా?"

"పొద్దున టిఫిను పెడుతూ నేనూ అదే అన్నాను."

"మీరు... టిఫిను పెడుతూ..."

"ఏంటలా గుడ్లప్పగించి చూస్తావ్?"

"మేడమ్, సిగ్గుపడాలి అని రాశాను నేను."

"రాశావు. నిన్న సాయంత్రం పుస్తకం సర్దుతుంటే కనపడింది. అప్పట్నుంచి ఎనిమిదిసార్లు చదివాను."

"దాన్ని చింపేస్తాను. ఇటివ్వండి."

"ముట్టుకోకు. అది మళ్లీ ఆ పుస్తకంలోకే వెళుతుంది. మిగతావి తీసెయ్."

"సారీ మేడమ్."

"ఇందాక తప్పని రాయనన్నదానివి, ఇప్పుడీ సారీ ఎందుకు? నాకు సారీలు వద్దు. ఇదిగో, ఇది పట్టుకో."

"ఇది సర్టిఫికెట్టు కాదే. ఏవో చేతిరాత కాగితాలు."

"అసలు చివరి అధ్యాయం, నా చిత్తుప్రతిలోది. ఇంతవరకూ ఎవరికీ చూపించలేదు. వెళ్లి ఆ కిటికీ దగ్గర కూచుని చదివి చీటీ రాసుకురా, సంతకం అప్పుడు. నా మొహం చూసి బాగుందని రాశావో, ఛస్తే పెట్టను."